నాలుగు గంటల అరవై నిమిషాలు

మా నాన్న ఎన్నింటికి పోయారన్న ప్రశ్నకు మా బంధువుల్లో మూడు జవాబులున్నాయి. కాంపౌండరు చీటీలో మూడు గంటలని ఉంది. సిద్ధాంతిగారి తీర్పు ప్రకారం రెండూ యాభై అయిదు. మా అమ్మ లెక్కన రెండూ యాభై ఏడు. రోజు విషయంలో ఎవరికీ తగవు లేదు. తగవంతా నిమిషాల దగ్గరే. ఆ ఏడాది పంచాంగంలోంచి కొన్ని నిమిషాలు తీసేసిన వాణ్ణి నేనే కనక, ఈ సంగతి నేనే రాయాలి.

అప్పట్లో మేము విజయనగరంలో కోట వైపు ఒక సందులో అద్దెకుండేవాళ్ళం. నాన్న, అమ్మ, నేను. నాన్న తాలూకా సర్వేయరుగా పనిచేసి రిటైరయ్యారు. నేను కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ణి. ఇంకా పెళ్ళి కాలేదు. మా డిపార్టుమెంటుకు కొత్తగా ఒక లెక్కల యంత్రం వచ్చింది. కరెంటు అక్కర్లేదు. పక్కన పిడి ఉంటుంది. ముందుకు తిప్పితే కూడుతుంది, వెనక్కి తిప్పితే తీసేస్తుంది. బరువు తిరగలి అంత. దానికి ఆకుపచ్చ గుడ్డతో ఒక ముసుగు కుట్టించారు. ఆ ముసుగు తీయడానికి ప్రిన్సిపాలు అనుమతి కావాలి కాబట్టి, ఎవరూ తీసేవారు కాదు.

ఈ యంత్రం సంగతి శృంగవరపుకోటలో పంచాంగం కట్టే ఒక సిద్ధాంతిగారి చెవిన పడింది. ఆయన తండ్రి, తాత కూడా పంచాంగకర్తలే. వాళ్ళకు లేని ఒక ఇబ్బంది ఈయనకు వచ్చింది. పెళ్ళి ముహూర్తం పొద్దుపొడిచాక ఇన్ని ఘడియలకు అని చెబితే, వర్తకుడు చొక్కా చెయ్యి పైకి లాక్కుని, తన గడియారం చూసుకుని, "అంటే ఎన్నింటికండీ?" అని అడుగుతున్నాడు. ఘడియంటే ఇరవైనాలుగు నిమిషాలు. విఘడియంటే అందులో అరవయ్యో వంతు, ఇరవైనాలుగు సెకండ్లు. ఇది తెలిసిన వాళ్ళ దగ్గర గడియారాలు లేవు. గడియారాలున్న వాళ్ళకు ఇది తెలియదు. గోదావరి వైపు నుంచి వచ్చే పంచాంగాలు అప్పటికే గంటలూ నిమిషాల్లోకి మారిపోయాయి.

ఆయన బస్సు దిగి నేరుగా మా ఇంటికి వచ్చారు.

"మాస్టారూ, మీ కాలేజీలో లెక్కలు చేసే యంత్రం ఉందిట కదా. దానికి ఘడియలు వచ్చునా?"

"రావండి. అంకెలు వచ్చు."

"అంకెలొస్తే చాలు. ఘడియలు నేను చెప్తాను."

దసరా సెలవుల్లో యంత్రం ఇంటికి తెచ్చుకుని వాడుకోవడానికి ప్రిన్సిపాలుకు అర్జీ పెట్టాను. కారణం దగ్గర 'ఖగోళ పరిశోధన' అని రాశాను. పంచాంగమని రాసినా ఇచ్చేవారే. ఖగోళమని రాసినందువల్ల ఒక్కసారి కూడా వచ్చి చూడలేదు.

పని ఎలా చెయ్యాలో ఒక కాగితం మీద వరుసగా రాసుకున్నాను. ఘడియల్ని ఇరవైనాలుగుతో హెచ్చించు. విఘడియల్ని ఇరవైనాలుగుతో హెచ్చించి అరవైతో భాగించు. రెండూ కలుపు. అరవైతో భాగిస్తే గంటలూ, మిగిలినవి నిమిషాలూ. దానికి ఆ రోజు సూర్యోదయం కలుపు. పన్నెండు దాటితే పన్నెండు తీసెయ్యి. ఇరవైనాలుగు దాటితే మర్నాటి వరసలోకి పో. ఇలాంటి కాగితాన్ని ప్రోగ్రాము అంటారని ఆ తర్వాత చాలా ఏళ్ళకు తెలిసింది. మేము కాగితమనే అనేవాళ్ళం. దాన్ని నడిపించేది నా కుడి చెయ్యి.

సిద్ధాంతిగారు ఒకరోజు తనే పిడి తిప్పుతానన్నారు. తిప్పించాను. సున్నా దగ్గర ఆపమంటే, ఉత్సాహంలో ఒక చుట్టు వెనక్కి ఎక్కువ తిప్పారు. యంత్రం మీద అంకెలు కనిపించే చిన్న కిటికీలన్నిట్లోనూ ఒక్కసారి తొమ్మిదులు వచ్చి నిలబడ్డాయి.

"ఇదేవిటి మాస్టారూ?"

"ఒక నిమిషం తక్కువైందండీ."

"తక్కువైతే ఇన్ని తొమ్మిదులెందుకు?"

"దానికి సున్నాకంటే కింద ఏముందో తెలియదండీ. కిందికి దింపితే అన్నిటికంటే పైకి ఎక్కి కూర్చుంటుంది."

ఆయన తొమ్మిదులు లెక్కపెట్టారు. "కలియుగానికి కూడా ఇన్ని సంవత్సరాలు లేవయ్యా," అని చేతులు కడుక్కోవడానికి వెళ్ళారు. మళ్ళీ దాన్ని ముట్టుకోలేదు.

నాన్నకు మాత్రం యంత్రం నచ్చింది. ఆయన పడక్కుర్చీలో కూర్చుని అంకెలు చదివేవారు, నేను తిప్పేవాణ్ణి. "పది కాడ ఒకటి ముందుకి తోస్తన్నాది. బాగున్నాది. అరవై కాడ తోయడం దీనికి రాదు కదరా?" అన్నారు మొదటి రోజే. రాదన్నాను. "అయితే ఆ పని నువ్వు సెయ్యాల," అన్నారు. నేను తలూపాను. ఆ మాట కాగితం మీద రాసుకోలేదు.

ఊరి ప్రెస్సులో అచ్చు మొదలైంది. మొదటి ప్రూఫు తెచ్చిన కంపోజిటరు అరుగు మీద కూర్చున్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"బాబూ, నాకు తెలక అడుగుతన్నాను. నాలుగు గంటల అరవై నిమిషాలంటే ఏటి బాబూ?"

ప్రూఫు చూశాను. ఒక తదియ ఎదురుగా 4-60 అని ఉంది.

"మా ఊర్లో దాన్ని అయిదంటారు," అన్నాడు. "కాలేజీలో ఏటంటారో మరి."

జరిగింది చిన్న విషయం. లెక్క ప్రకారం ఆ తదియ నాలుగు గంటల యాభైతొమ్మిది నిమిషాల మీద ఇంకో సగం పైచిలుకు వరకు ఉంది. సగం దాటింది కాబట్టి నేను పై నిమిషానికి పెంచాను. యాభైతొమ్మిది అరవై అయింది. అరవై అయితే సున్నా వేసి గంటల్లో ఒకటి కలపమని నా కాగితం చెప్పలేదు కాబట్టి, నా చెయ్యి కలపలేదు. నాన్న కళ్ళద్దాలు పెట్టుకుని ప్రూఫులన్నీ వెతికి, ఇలాంటివి తొమ్మిది పట్టుకున్నారు. అందులో ఒకటి 11-60 ఉదయం. అది పన్నెండు కావాలి, ఉదయం మధ్యాహ్నం కావాలి. ఇంకొకటి దిద్దితే మర్నాటి వరసలోకి జారాలి. జారితే ఆ పేజీ మొత్తం విప్పి మళ్ళీ కూర్చాలి. ప్రూఫుల కోసం వచ్చిన సిద్ధాంతిగారు కంపోజిటరు ముఖం చూసి, నా ముఖం చూశారు.

అప్పుడు నాకొక తెలివైన ఆలోచన వచ్చింది. సగాలూ ముక్కాలూ ఏవైనా సరే, నిమిషం మీద మిగిలినదాన్ని పూర్తిగా వదిలేస్తే అరవై అనేది ఎప్పటికీ రాదు. యాభైతొమ్మిదిన్నర కూడా యాభైతొమ్మిదే. సూర్యోదయం దగ్గరా అంతే, సెకండ్లు వదిలెయ్యడమే. కూర్చిన అచ్చులో చాలా చోట్ల చివరి అంకె ఒక్కటి మారిస్తే సరిపోతుంది. ఏ వరసా జారదు.

"భేష్," అన్నారు సిద్ధాంతిగారు.

"బతికించినారు బాబూ," అన్నాడు కంపోజిటరు.

నాన్న కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచారు. ఆయన నాతో వాదించిన సందర్భాలు తక్కువ.

"ఒరే, ఒగ్గేసింది ఎక్కడికీ పోదురా. పొలానికి గొలుసు లాగినప్పుడు మిగిలిన లింకు ఒగ్గేస్తే, అది ఎవడి గట్టు కిందో ఉంటాది. వాడు ఏదో రోజు వచ్చి అడుగుతాడు."

"నిమిషంలో ముక్క కోసం ఎవరు అడుగుతారు నాన్నా?"

"ముక్క కాదురా. నువ్వు రెండు కాడ ఒగ్గేస్తన్నావు. పొద్దుపొడుపు కాడ ఒకటి, ఈ లెక్క కాడ ఒకటి. రెండు ముక్కలు కలిస్తే నిమిషం దాటిపోద్ది. అరవై వస్తే సున్నా ఏసి ఒకటి పక్కకి తొయ్యి. ఒక్క వరస రాసుకోడానికి ఏటి నొప్పి నీకు?"

నొప్పి ఏమీ లేదు. మూడు రోజుల పని. సెలవులు రెండు రోజులే మిగిలాయి, యంత్రం తిరిగి ముసుగులోకి వెళ్ళాలి. నేను వదిలెయ్యడమే ఖాయం చేశాను. ఉగాదికి పంచాంగం బయటికి వచ్చింది. అట్ట మీద 'ఆధునిక యంత్ర గణితం, నిమిషం తేడా లేనిది' అని వేశారు. బాగా పోయింది. శ్రీకాకుళం నుంచి కూడా అడిగారట. సిద్ధాంతిగారు నాన్నకు ఒక ప్రతి ప్రత్యేకంగా ఇచ్చారు. నాన్న దాన్ని బల్ల మీద పెట్టారు. తెరవడం నేను చూడలేదు.

వైశాఖ బహుళంలో నాన్నకు గుండె నొప్పి వచ్చింది. రెండో రోజు మధ్యాహ్నం పోయారు. కాంపౌండరు ఇంజక్షను తయారుచేసుకుంటున్నాడు. నాన్న కళ్ళు తెరిచి, "టైమెంతరా?" అని అడిగారు. ఆయనకది అలవాటు. సర్వే రోజులనాటి జేబు గడియారాన్ని రోజూ సాయంత్రం రేడియోలో వార్తల ముందు వచ్చే శబ్దంతో సరిచేసేవారు. అది తలగడ పక్కనే ఉంది. చూసి, "రెండూ యాభై అయిదు," అన్నాను. "ఉఁ," అని, అమ్మ వైపు చూసి మంచినీళ్ళు అడిగారు. అమ్మ చెంచాతో మూడుసార్లు పోసింది. మూడూ తాగారు. తర్వాత ఇంక ఏమీ అడగలేదు. నేను గడియారం చూశాను. రెండూ యాభై ఏడు. ఎందుకు చూశానో తెలియదు. ఆయన ఉంటే చూడమనేవారు. కాంపౌండరు తన గడియారం చూసుకోకుండానే చీటీ మీద మూడని వేశాడు.

దహనానికి వచ్చి వెళ్ళిన మా మేనమామ మూడో రోజు గజపతినగరం నుంచి పంచాంగం చంకలో పెట్టుకుని మళ్ళీ వచ్చాడు. ఆయన అమ్మకు తమ్ముడు. పొలమూ, బెల్లం కొట్టూ ఉన్న మనిషి. శాస్త్రమంటే గట్టి పట్టుదల, ముఖ్యంగా ఇతరుల ఇళ్ళల్లో.

"ఒరే అల్లుడూ, బావ ఎన్నింటికి పోయాడ్రా?"

"రెండూ యాభై ఏడుకి మావా."

ఆయన వేలు పంచాంగం మీద ఆగిపోయింది. "శ్రవణం రెండూ యాభై ఆరు దాకా ఉన్నాది. అక్కడినుంచి ధనిష్ఠ. ఓలమ్మో! ధనిష్ఠరా!"

ధనిష్ఠలో మనిషి పోతే, మా వైపు, కర్మలయ్యాక ఇంటికి తాళం వేసి ఆరు నెలలు అందరూ వదిలేసి పోవాలి. శ్రవణంలో పోతే ఏమీ లేదు, ఉన్నచోటే ఉండవచ్చు. లోపల గోడవార కూర్చున్న అమ్మ తల ఎత్తింది.

"ఒక్క నిమిషం, అప్పా! ఒక్క నిమిషం ముందు పోయుంటే బాగుణ్ణు," అన్నాడు మామ తన అక్కతో, నాన్న పొరపాటేదో చేసినట్టు. "ఏటి సేస్తాం. శాస్త్రం శాస్త్రమే. ఆరు నెలలు ఇల్లు ఒగ్గేయాల. ఇందులో మాటే లేదు."

"అమ్మ ఎక్కడికి పోతుంది మావా?" అన్నాను. "నాకైతే కాలేజీ దగ్గర గది దొరుకుతుంది. అమ్మకి నువ్వు తప్ప ఎవరున్నారు?"

ఆ సంగతి ఆయనకు అప్పటిదాకా తట్టలేదు. పంచాంగం మూశాడు. మళ్ళీ తెరిచాడు.

"నా ఇంటికా?" అన్నాడు. "వస్తాది. రాదనలేదు. మీ అత్తకి ఒక మాట..." అని ఆగి, "ఒరే, ఆ గడియారం సరిగ్గా ఉన్నాదా?" అన్నాడు.

"రేడియోతో కలిపిందే."

"రేడియో వాడు దిల్లీలో ఉంటాడు కదరా. ఆడికి మన ఊరి పొద్దు ఏటి తెలుసు?"

ఆ మధ్యాహ్నం నుంచి మా మామ కాలగణనలో పండితుడయ్యాడు. కాంపౌండరు మూడని రాశాడంటే ఆ మనిషికి కళ్ళు లేవన్నాడు. పక్క వాటాలో గోడ గడియారం పది నిమిషాలు ముందుంటుందని తెలిసి, దాన్ని వెళ్ళి చూసి వచ్చాడు. అసలు ప్రాణం పోవడం ఒక నిమిషంలో అయ్యే పనా అని నన్ను అడిగాడు. చివరికి సిద్ధాంతిగారిని తీసుకొస్తానని బస్సెక్కాడు.

అమ్మ నన్ను పిలిచింది.

"నాను ఎల్లనురా. ఆ ఇంట్లో నాను సెంబు ముట్టుకుంటే మీ అత్త మళ్ళీ తోముకుంటాది. ఆరు రోజులుండలేను. ఆరు నెలలేటి? ఇక్కడే ఉంటాను. ఆయన కుర్సీ ఇక్కడే ఉన్నాది."

ఆమెకు కావలసింది అంతే. ఇవ్వాల్సింది ఒక నిమిషం.

మంచం కింద పెట్టెలోంచి పాత లెక్క కాగితాలు తీశాను. ఆ రోజు శ్రవణం ఇరవైమూడు ఘడియల ముప్ఫైతొమ్మిది విఘడియలు. అంటే తొమ్మిది గంటల ఇరవై ఏడు నిమిషాల ముప్ఫయ్యారు సెకండ్లు. ఆ ముప్ఫయ్యారు వదిలేశాను. సూర్యోదయం అయిదూ ఇరవైతొమ్మిది నిమిషాల నలభై ఎనిమిది సెకండ్లు. ఆ నలభై ఎనిమిదీ వదిలేశాను. మొత్తం వదిలేసింది ఎనభైనాలుగు సెకండ్లు. నాన్న చెప్పినట్టే రెండు ముక్కలు కలిసి నిమిషం దాటాయి. నిజానికి శ్రవణం రెండూ యాభై ఏడు మీద ఇరవైనాలుగు సెకండ్ల వరకు ఉంది. సరిగ్గా ఒక విఘడియ.

నేను గడియారం చూసినప్పుడు ముల్లు యాభై ఏడు మీద ఉంది. కింద సెకండ్లకు చిన్న ముల్లు వేరే ఉంటుంది. దాన్ని చూడలేదు. మొదటి ఇరవైనాలుగు సెకండ్లలో అయితే శ్రవణం. తర్వాతి ముప్ఫయ్యారులో అయితే ధనిష్ఠ. ఇంతకుమించి నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి నాకు ఒక యంత్రమూ, ఒక డిగ్రీ అవసరమయ్యాయి.

మర్నాడు సిద్ధాంతిగారు వచ్చారు. మేము మైలలో ఉన్నాం కాబట్టి సందులోనే, ఎదురింటి గోడవార, గొడుగు వేసుకుని నిలబడ్డారు. మామ మా గుమ్మంలో నిలబడ్డాడు. మాటలు సందుకు అడ్డంగా నడిచాయి. అమ్మ తలుపు వెనక ఉంది.

నేను లెక్క చెప్పాను. "పంచాంగంలో రెండూ యాభై ఆరు అని ఉన్నది తప్పండీ. యాభై ఏడు అని ఉండాలి. తప్పు నాది."

"మెల్లగా, మాస్టారూ, మెల్లగా," అన్నారాయన అటూ ఇటూ చూసి. "ఈ ఏడు నా పంచాంగం చూసి ఎన్ని పెళ్ళిళ్ళు జరిగాయో తెలుసునా? ఇప్పుడు నిమిషమున్నర తేడా అంటే, వాళ్ళందరూ మళ్ళీ మొదట్నుంచీ కట్టుకోవాలా తాళి?"

"అలా కాదండీ..."

"అచ్చులో ఉన్నది అలాగే ఉంటుంది. అట్ట మీద ఏం వేశామో చూశారు కదా. కదలాల్సింది గడియారం." ఆయన గొడుగు చెయ్యి మార్చుకున్నారు. "గడియారం మీద పెద్ద గీతలు ఎన్నేసి నిమిషాలకున్నాయి?"

"అయిదేసికి," అన్నాడు మామ గబుక్కున.

"రెండూ యాభై ఏడనేది ఏ పెద్ద గీత మీదా లేదు. మధ్యలో ఉంది. మధ్యలో ఉన్నదాన్ని ఏం చెయ్యాలి? మిగిలింది వదిలేసి వెనక గీతకి రావాలి. ఇది నా పద్ధతి కాదు, మాస్టారి పద్ధతే. పంచాంగమంతా దాని మీదే నడుస్తోంది. కాబట్టి మీ నాన్నగారు పోయింది రెండూ యాభై అయిదుకి. శ్రవణ నక్షత్రంలో. దోషం లేదు. ఇల్లు వదలక్కర్లేదు."

"అదీ!" అన్నాడు మామ. "సదువుకున్నోళ్ళు అంటే అలగుండాల! ఏరా అల్లుడూ, నీ లెక్కే కదరా!"

నా లెక్కే. తప్పు పట్టడానికి వీల్లేకుండా నా లెక్కే. అమ్మ ఇంట్లోనే ఉంటుంది. పంచాంగం చెక్కు చెదరదు. అత్త చెంబులు క్షేమం. నష్టపోయింది ఒక్క నాన్నే, అదీ రెండు నిమిషాలు. ఆయన అభ్యంతరం చెప్పే స్థితిలో లేరు. నేను ఏమీ అనలేదు. ఒప్పుకున్నాననే అందరూ అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

తలుపు వెనకనుంచి అమ్మ మాట వినిపించింది.

"బాబూ, రెండూ యాభై అయిదుకి ఆయన టైమెంతని అడిగినారు."

మామ తలుపు వైపు తిరిగాడు.

"మా గుంటడు సూసి సెప్పినాడు. అప్పుడు నీళ్ళడిగినారు. నాను మూడు సెంచాలు పోసినాను. తాగినారు. రెండూ యాభై అయిదుకే పోతే, ఆ నీళ్ళెవరు తాగినారు బాబూ?"

సిద్ధాంతిగారు గొడుగు కిందికి చూశారు.

"అప్పా, నువ్వూరుకో," అన్నాడు మామ. "నీ కోసమే కదేటి ఇదంతా!"

"నా కోసం ఆయన్ని రెండు నిమిషాలు ముందే సంపేస్తారేటిరా? ఆ రెండు నిమిషాలూ తీసి ఎక్కడెట్టినారు?"

"ఎక్కడెడతాం అప్పా, నిమిషాలకి సోటేటి?"

"నా సేతిలో సెంచా ఉన్నాది అప్పుడు," అంది అమ్మ.

నాకు అప్పుడు నోరు వచ్చింది. లోపలికి వెళ్ళి, "అమ్మా, యాభై ఏడైనా శ్రవణమే కావచ్చు. అచ్చు తప్పు. సరైన లెక్కలో ఇంకో ఇరవైనాలుగు సెకండ్లున్నాయి," అన్నాను.

"కావచ్చంటే?"

"చిన్న ముల్లు చూడలేదు."

"సూడనిది సెప్పకు," అంది. గట్టిగా అనలేదు. సర్వేలో గొలుసు పట్టే మనుషులతో నాన్న అనే మాట అది. "ఆరు నెలలే కదా. ఎల్తాను."

మామ గుమ్మంలోనే కూలబడ్డాడు. సిద్ధాంతిగారు బస్సు టైమైందని వెళ్ళిపోయారు. ఏ బస్సో ఎవరూ అడగలేదు.

కర్మలయ్యాక ఇంటికి తాళం వేశాం. అమ్మను గజపతినగరంలో దింపాను. అత్త గుమ్మంలో ఎదురొచ్చి, "రాండి వదినా," అంది. చెంబు ఒకటి విడిగా తీసి పెట్టి ఉంది. నేను కాలేజీ దగ్గర గదిలోకి మారాను. నాన్న గడియారం నా దగ్గరే ఉంచమంది అమ్మ. ఆ వానాకాలమంతా, క్లాసులైపోయాక, వచ్చే ఏడాది పంచాంగం లెక్క చేశాను. ఈసారి మధ్యలో ఎక్కడా ముక్కలు వదల్లేదు. అన్నీ సెకండ్లతోనే కలిపి, చివర ఒక్కసారే నిమిషానికి సర్దాను. కాగితం మీద ఒక వరస ఎక్కువ రాశాను: అరవై వస్తే సున్నా వేసి గంటల్లో ఒకటి కలుపు. ప్రూఫులు చూసి కంపోజిటరు కొంచెం నిరాశపడ్డాడు. "ఈసారి అరవైలు లేవేటి బాబూ? మా ప్రెస్సులో అందరికీ సెప్పుకున్నాను," అన్నాడు. సిద్ధాంతిగారు అట్ట మీద పాత మాటే ఉంచారు. నిమిషం తేడా లేనిది.

ఇక ఆరు నెలలు ఎప్పటికి పూర్తవుతాయన్న ప్రశ్న వచ్చింది. ఆ ఏడు ఆషాఢం రెండుసార్లు వచ్చింది, మొదటిది అధికమాసం. దాన్ని నెలగా లెక్కపెట్టాలా, వదిలెయ్యాలా? వదిలేస్తే అమ్మ కార్తీకం దాకా అక్కడే ఉండాలి. లెక్కపెడితే ఆశ్వయుజంలోనే తిరిగి రావచ్చు. నేను వెళ్ళేసరికి మామ వసారాలో పంచాంగం ముందేసుకుని కూర్చున్నాడు. ఈసారి ఎవరి పక్షం తీసుకోవాలో ఆయనకు నిజంగానే తెలియడం లేదు. శాస్త్రం ప్రకారం అధికమాసం లెక్కకు రాదని ఎవరో చెప్పారు.

"రాదంటే ఎలగ?" అంది అత్త వంటింట్లోంచి. "నెలంటే నెలే!"

"అవునమ్మా," అంది అమ్మ. తన పెళ్ళై ముప్ఫై అయిదేళ్ళయినా ఆ ఇద్దరూ ఒక మాట మీద నిలబడటం మామ చూడలేదు. "ఆ నెల్లాళ్ళూ నాను ఈ ఇంట్లో తిన్నాను, తొంగున్నాను. గడిపిన నెల లేదంటే నానొప్పుకోను. ఒగ్గేయొద్దు. లెక్కెట్టండి."

లెక్కపెట్టారు.

ఆశ్వయుజ బహుళంలో ఆమెను బస్సులో తీసుకొచ్చాను. తాళం తుప్పు పట్టి రాలేదు. కిరసనాయిలు పోసి తీశాం. లోపల దుమ్ము. నాన్న పడక్కుర్చీ కిటికీ దగ్గరే ఉంది. అమ్మ దాన్ని కొంగుతో తుడిచింది, కూర్చోలేదు. చీపురు తీసుకుని, నా వైపు తిరగకుండా అడిగింది.

"టైమెంతరా?"

"నాలుగున్నర."

"సరిగ్గా సెప్పు."

జేబులోంచి గడియారం తీశాను. "నాలుగూ ఇరవై ఎనిమిది," అన్నాను. తర్వాత చిన్న ముల్లు కూడా చూసి, "పదకొండు సెకండ్లు," అన్నాను.

"ఉఁ," అంది. ఊడవడం మొదలుపెట్టింది.